త్రోత్వారు వస్తున్నారట

తెలుగువాళ్లు చెరకు కూలికి వెళ్లి స్థిరపడిన దీవిలోని ఫీనిక్స్‌లో పెద్ద రోడ్డు పక్కన కూరలు పండించి అమ్ముకునే పాపమ్మ నోటికి జడిసినవాళ్లున్నారు గాని, ఆమె చేతి వంకాయలు వద్దన్నవాళ్లు లేరు. మోటారు కారు కనబడితే జనం పని మానుకుని చూసే రోజులవి. ఆ రోడ్డుకొక పద్ధతంటూ ఉండేది కాదు. చెరకు బళ్లు, గుర్రబ్బళ్లు, సైకిళ్లు, నెత్తిన గంపలతో ఆడవాళ్లు, అందరూ ఒకే దుమ్ములో పడి పోవాలి. ఎవరి ప్రాణం వాళ్లే చూసుకోవాలి.

ఆ తొక్కిసలాటలోనే ఓ సైకిలు చెరకు బండిని తప్పించుకోబోయి పాపమ్మ మొగుడు బాలయ్య మీదికొచ్చింది. మోకాలు చితికింది. బాలయ్య ఆ పేటకంతటికీ రామభజన గురువు. కర్ర పట్టుకుని నడవగలిగినా, ఆనాటి నుంచీ ఆయన గడప దిగలేదు. బండి చప్పుడు వింటే చాలు, ఒళ్లంతా చెమటలు. భజన మందిరం ఎంతో దూరం కాదు, వాళ్ల ఇంటి వరసలోనే ఉంది. శనివారం సాయంత్రం అక్కడ వేరెవరో పాట ఎత్తుకుంటుంటే బాలయ్య గోడవైపు తిరిగి పడుకునేవాడు.  పాపమ్మ కళ్లెదుటే మనిషి ఆరిపోతున్నాడు.

ఒకరోజు పొరుగింటి సుందరి పరుగున వచ్చింది.

"ఒదినా, ఇన్నావా? త్రోత్వారు వస్తన్నారట! రోడ్డు మేస్త్రి రోజర్ అంతన్నాడు. ఇంక నడిచేవోళ్లకి బళ్ల బాధ ఉండదట."

త్రోత్వార్ అంటే ఆ దీవి జనం మాట్లాడే క్రియోల్‌లో రోడ్డు పక్కన రాళ్లు పేర్చి, నడిచేవాళ్ల కోసం ఎత్తుగా వేసే బాట. ఆ సంగతి సుందరికీ తెలియదు, పాపమ్మకు అంతకన్నా తెలియదు. దొరవారు, మేస్త్రివారు, పంతులువారు అని విన్న చెవులకు త్రోత్వారు కూడా ఎవరో పెద్దమనిషే అయ్యాడు. బళ్లవాళ్ల పొగరు అణచడానికి వస్తున్న అధికారి అనుకుంది పాపమ్మ.

ఊరుకునే మనిషా? రోడ్డు మీద తాడు పట్టి కొలుస్తున్న రోజర్ దగ్గరికి తిన్నగా వెళ్లింది.

"మిస్యే రోజర్, త్రోత్వారు మా ఇంటి ముందునుంచే వస్తారా?"

"లేదు మదాం, ఎదురు వైపు. ఈ వరసలో అందరి ఇళ్లూ వెనక్కే ఉన్నాయి, మీ కంచె ఒక్కటే రోడ్డంచుదాకా వచ్చింది. చోటు చాలదు."

ఎంత లావు మనిషో, అనుకుంది పాపమ్మ. "చోటుకేం, నా పెరడు లేదా? కంచె తీసెయ్యి. ఎంత కావాలంటే అంత తీసుకోమను. ఆయన ఇటే రావాల, మా ఇంటాయన్ని చూడాల."

"నిజంగానే?"

"పాపమ్మ మాటంటే మాటే!"

మర్నాడు బజారు నుంచి బంతిపూల దండతో ఇల్లు చేరేసరికి కంచె లేదు. పూత మీదున్న వంకాయ మొక్కలు వేళ్లతో సహా బయట పడున్నాయి. మడి ఉన్నచోట రాళ్ల గుట్ట.

"ఎవుడ్రా నా మడి తవ్వినోడు?" పాపమ్మ అరుపుకు బండెద్దులు కూడా నిలబడిపోయాయి.

"మీరే ఇచ్చారు కదా మదాం, త్రోత్వార్‌కి," అన్నాడు రోజర్ బిత్తరపోయి.

"ఏడీ ఆ త్రోత్వారు? రమ్మను, మొకం మీదే కడిగేస్తాను!"

రోజర్ రాళ్లకేసి చూపించాడు. "ఇదే. దీనిమీద మనుషులు నడుస్తారు. పక్కన చదునుచేసిన దారిలో సైకిళ్లు పోతాయి. బళ్లు నడిమధ్యే ఉండాలి."

కూలీలు పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. రోజర్ మాత్రం నవ్వలేదు. "తప్పయిపోయింది మదాం. వద్దంటే ఇప్పుడే మట్టి పూడ్చేసి, ఎదురు వైపే వేయిస్తాను," అన్నాడు.

పాపమ్మ పెరికిన మొక్కలకేసి చూసింది. ఇంటికి అన్నం పెట్టే మడి అది. పూడ్చెయ్యమనడానికి నోరు తెరిచింది కూడా.

ఆ గొడవకు బాలయ్య కర్ర ఊతంగా గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. రాళ్లకేసి చాలాసేపు చూశాడు.

"ఓలే పాపమ్మా," అన్నాడు మెల్లిగా, "ఈ రాళ్లమీదికి బండి ఎక్కడానికి కుదరదు కదా?"

 పాపమ్మ చేతిలోని దండను ఏం చెయ్యాలో తోచక రోజర్ మెడలో పడేసింది. "ఏసెయ్యి నాయనా, ఏసెయ్యి," అని, ముఖానికి కొంగు అడ్డంపెట్టుకుని లోపలికి పోయింది.

బాట పూర్తయిన వారం, శనివారం సాయంత్రం, బాలయ్య ఉతికిన పంచె కట్టుకుని భజన తాళాలు మెడలో వేసుకున్నాడు. గడప దగ్గర కర్ర బయటికి పెట్టి మళ్లీ వెనక్కి తీసుకున్నాడు. పాపమ్మ రెక్క పట్టుకుంది. కాస్త దూరం పోయాక ఆయన ఆగాడు.

"ఇక్కడే కదే నీ వంగమడి? దానిమీద అడుగేస్తన్నాను."

"ఎయ్యి మావా. నీకంటే ఎక్కువేటి?"

బాలయ్య ఆమె చెయ్యి మెల్లిగా విడిపించుకున్నాడు. నడిరోడ్డు మీద చెరకు బళ్లు కిర్రుమంటూ పోతూనే ఉన్నాయి. ఆయన అటు చూడలేదు. కర్ర టకటకలాడించుకుంటూ ఒక్కడే మందిరందాకా నడిచి లోపలికి వెళ్లాడు. తాళాలు మోగాయి. రామా అంటూ ఆయన గొంతు లేచింది. మొదట కాస్త బొంగురుపోయింది, తర్వాత సర్దుకుంది.

పాపమ్మ ఆ బాట మీదే చతికిలబడి, సిగ్గులేకుండా బావురుమని ఏడ్చింది. పక్కనుంచి సైకిళ్లు గంట కొట్టుకుంటూ పోతున్నాయి. పాట అయ్యేదాకా ఆమె అక్కడినుంచి లేవలేదు.