మెట్ల కింద గులాబీ బూట్లు

ఆ రోజుల్లో శ్రీకాకుళం మొత్తానికి నాకు తెలియని సంగతి లేదని నా నమ్మకం. గ్రంథాలయంలో అట్ట ఊడిన పుస్తకాలతో సహా చదివేసేదాన్ని మరి. అందుకే, రష్యాలో డాక్టరు చదివిన మా వీధి అన్నయ్య అక్కడే పెళ్లాడి తెచ్చిన వదిన చర్చి హాల్లో బ్యాలే నేర్పుతానంటే, అదేమిటో ఊరికి వివరించే బాధ్యత నేనే మీద వేసుకున్నాను. "కాలివేళ్ల కొసల మీద నిలబడి ఆడతారు నాయనమ్మా!" అంటే, "మరి మడమేటి పాపం సేసిందే?" అంది మా నాయనమ్మ. నేనే మొదటి శిష్యురాలిని. తొలిరోజే మునివేళ్ల మీద లేవబోయి బోర్లాపడ్డాను. "ముందు పాదం మీద నిలబడవే! పులుసులో సేపలాగ వంకర తిరిగిపోతన్నావు" అంది వదిన. (ఆవిడ తెలుగు నేర్చింది అత్తగారి వంటింట్లో.)

ఏడాది చివర ప్రదర్శన. అది తల్లులకి నచ్చితేనే పిల్లల్ని మళ్లీ పంపుతారు, లేకపోతే క్లాసు మూతే. వదిన పుట్టింటి నుంచి మా అందరికీ మెత్తటి గులాబీ బూట్లు తెప్పించింది. పాట మొదలైంది. మేం వరసగా స్టేజీ మెట్టుకి మొక్కి, కళ్లకద్దుకుని, గంతులేస్తూ వెళ్లాం. తెరచాటు నుంచి వదిన, "ఒసే, బూట్లేవే?" అంది. "స్టేజీ మీదకి చెప్పులతోనా వదినా?" అన్నాను, అందరిచేతా విప్పించిన పండితురాలిలా. మెట్ల కింద బూట్లన్నీ పెళ్లింటి గుమ్మం ముందున్నట్టు బుద్ధిగా ఉన్నాయి. మా పాదాలకేమో నాయనమ్మ దిద్దిన పారాణి.

వదిన ఒక్క క్షణం కళ్లు మూసుకుంది. తన వంతు రాగానే తన బూట్లూ విప్పి మా వాటి పక్కన పెట్టి, స్టేజీకి మొక్కి, ఉత్త కాళ్లతో గాలిలో తేలింది. హాలంతా చప్పట్లు. "బూట్లతో తొక్కేస్తాదేమో అనుకున్నాను. మర్యాదెరిగిన పిల్ల!" అని నాయనమ్మ ముందు వరసలోంచి తీర్పు చెప్పింది. మర్నాటికి క్లాసులో నిలబడ్డానికి చోటు లేదు.

మొన్న మా అమ్మాయి ప్రదర్శన. జుట్టు నెరిసిన వదిన మెట్ల దగ్గర కాపలా కాస్తూ, "మొక్కేక బూట్లేసుకోండే! ఈ పిల్ల తల్లి సదువుకున్నాది, దాని మాటినకండి" అంటోంది. అందరితో పాటు నేనూ నవ్వాను. తెర లేచింది. ఎందుకో కిందికి చూసుకున్నాను. నా చెప్పులు కుర్చీ కింద, నా పాదాలు చల్లటి నేల మీద.