సగంలో ఆపిన వాక్యం

జగిత్యాల జిల్లా అయిన మరుసటి ఏడాది జూన్‌లో నన్ను అక్కడి ఒక డిగ్రీ కళాశాలకు అర్థశాస్త్ర అధ్యాపకురాలిగా బదిలీ చేశారు. ఇల్లు కోరుట్లలో, రాకపోకలు బస్సులో. పిహెచ్‌డిలో చేరి అప్పటికి ఏడాది. సిరిసిల్లలో సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపే కార్మికుల జీవనం నా అంశం. ప్రిన్సిపాల్ గారు వచ్చినవాళ్లందరికీ నన్ను “కాబోయే డాక్టర్” అని పరిచయం చేసేవారు. ఇంకో ఐదేళ్లు గడిచినా నేను కాబోతూనే ఉన్నాను.

అసైన్‌మెంట్ ఒక్కరోజు ఆలస్యమైతే విద్యార్థుల్ని నిలబెట్టి అడిగేదాన్ని. నా సంగతి వేరు. రాయడానికి కూర్చోగానే టేబుల్ మీద దుమ్ము కనిపించేది. అది తుడిచాక రిఫరెన్సులు అక్షరక్రమంలో లేవని గుర్తొచ్చేది. నాలుగో అధ్యాయం శీర్షికను తొమ్మిదిసార్లు మార్చాను, దాని కింద ఒక్క వాక్యం లేదు. అసలు చిక్కేమిటంటే, ఒక అధ్యాయం పూర్తయిందంటే ఫైలుకు తాడు కట్టి అల్మారాలో పెట్టేసేదాన్ని. మళ్లీ ఖాళీ కాగితం ముందు కూర్చోవాలంటే ఆరు నెలలు పట్టేది.

రాయకుండా తప్పించుకోవడానికి నాకున్న గౌరవప్రదమైన దారి క్షేత్రపర్యటన. సమాచారం ఇంకా చాలలేదని గైడ్‌కు, అంటే పరిశోధనను పర్యవేక్షించే ఆచార్యునికి, చెప్పి సిరిసిల్ల బస్సెక్కేదాన్ని. చివరికి ఒక నవంబరులో విశ్వవిద్యాలయం ఉత్తరం వచ్చింది. గడువు పొడిగింపు ఇదే ఆఖరు, ఫిబ్రవరి నెలాఖరులోగా సిద్ధాంత గ్రంథం సమర్పించకపోతే రిజిస్ట్రేషన్ రద్దు. ఆరేళ్ల పని చెత్తబుట్ట పాలు. నిజంగా భయం వేసింది. భయం వేసి ఏం చేశాను? ఆదివారం మళ్లీ సిరిసిల్లకు పోయాను.

సత్తయ్య అక్కడ సాంచా నడుపుతాడు, భార్య లక్ష్మి నూలు కండెలు చుడుతుంది. నేను ప్రశ్నావళి తీసి పని గంటల గురించి అడగగానే సత్తయ్య నవ్వాడు.

“మేడం, గీ ముచ్చట మీరు అడుగుడు మూడోసారి. నేను చెప్పింది రాసిన్రా, లేదా?”

లక్ష్మి వెంటనే అందుకుంది. “రాసేటోళ్లయితే ఇంట్ల కూసోని రాస్తరు గదా. గిన్నిసార్లు బస్సెక్కుతరా?”

ప్రశ్నావళి మడిచి సంచిలో పెట్టేశాను. మాట మార్చడానికి, పడుగు పోగులు చుట్టి ఉండే రోలరు, అదే భీము మీద ఇంకా నూలు ఉండగానే సాంచా ఎందుకు ఆపావని సత్తయ్యను అడిగాను. ఆయన అప్పుడు కొత్త భీము పోగులను దువ్వెనలాంటి అచ్చులో దూర్చి ఉన్న పాత పోగుల కొసలకు అతుకుతున్నాడు.

“పాతది పురాగ అయిపోయేదాంక నడిపితే అచ్చుల పోగే మిగలదు. మళ్ల ఒక్కొక్క పోగు అండ్ల ఎక్కియ్యాలె, పానం పోతది. గందుకే కొంత మిగిలుండంగనే ఆపి అతుకుతం.”

ఆయన తన పని గురించే చెప్పాడు. తిరుగు బస్సు కథలాపూర్ చేరేసరికి నాకు అల్మారాలో తాళ్లు కట్టిన ఫైళ్లు గుర్తొచ్చాయి.

మర్నాటి నుంచి కాలేజీకి బయలుదేరే ముందు ఒక గంట రాశాను. లేచేటప్పుడు వాక్యాన్ని కావాలని సగంలో ఆపేదాన్ని. పాతికేళ్లు జవాబు పత్రాలు దిద్దిన చెయ్యి నాది, అసంపూర్ణ వాక్యం కనిపిస్తే ఊరుకోదు. పొద్దున్నే దాన్ని పూర్తి చేయబోయి ఇంకో రెండు పేజీలు రాసేసేదాన్ని. గడువుకు రెండు రోజుల ముందు గ్రంథం సమర్పించాను.

వైవా, అంటే మౌఖిక పరీక్షలో, పరీక్షకుడు నూట నలభై మూడో పేజీ తెరిచి చదివారు: “రోజుకు పన్నెండు గంటలు సాంచాల మధ్య నిలబడే కార్మికుడు తన పిల్లల చదువు విషయంలో” అంతే, తర్వాత కొత్త పేరా. మిగతాది ఏమైందమ్మా అన్నారు. నోటితో పూర్తి చేశాను. పట్టా వచ్చింది.

ఒక ప్రతి పట్టుకుని సిరిసిల్లకు పోయి ఈ సంగతి చెప్పాను. సత్తయ్య ఆ పేజీని వేలితో తడిమాడు. “గింత పెద్ద బుక్కుల ఒక్కటే ఊడిందా? మంచిగనే అతికిన్రు మేడం,” అన్నాడు. ఆ మాట ముందు పట్టా చిన్నదనిపించింది.

నేను నేర్చుకున్నది ఇంతే: రాతపని ఆగేది మధ్యలో కాదు, ముగించిన చోట. పదవీ విరమణ వరకు ప్రాజెక్టు రిపోర్టులు రాసే విద్యార్థులకు అదే చెప్పాను, వాక్యం సగంలో ఉండగా లేవమని. సమాచారం చాలలేదు, ఇంకోసారి వెళ్లొస్తామని ఎవరైనా అడిగితే మాత్రం లక్ష్మి నన్నడిగిందే వాళ్లనూ అడిగేదాన్ని.