గువ్వల దొన ఈదమ్మ

ఈదమ్మ గురించి చెప్పాలంటే ముందు నీళ్ళ గురించి చెప్పాలి. అమ్రాబాదు గుట్టల మీద వాగులు మాఘమాసం దాటితే ఎండిపోతాయి. ఆ తర్వాత ఎక్కడో ఒక బండ కింద, పైనుంచి కనిపించని చోట, నడుము లోతు నీళ్ళు నిలుస్తాయి. అలాంటి చోటును దొన అంటారు. ఈదమ్మ వాళ్ళది ఏడు గుడిసెల చెంచు గూడెం; వాళ్ళు దాన్ని పెంట అంటారు. ఆ ఏడు గుడిసెలకూ వేసవిలో ఒకే దొన. దాని పేరు గువ్వల దొన. పొద్దున్నే అక్కడికి పోతే వందల గువ్వలు ఒక్కసారిగా లేస్తాయి. పక్కనున్న చరియ ఎక్కితే అడవి అంతా కాళ్ళ కింద పరుచుకుని, దూరంగా కృష్ణ సన్నటి గీతలా మెరుస్తుంది.

ఆ దొనను ఆమెకు కాకుండా చేసింది నేను. ఈ మాట ముందే చెప్పకపోతే తర్వాత చెప్పే ధైర్యం నాకు ఉండదు.

మాది గుట్టల కింది ఊరు. మేము నేతపని చేసే సాలెవాళ్ళం. మా బాపు సీతారాములు చీరలు భుజాన వేసుకుని పెంటల వరకూ పోయి అమ్మేవాడు. చీరకు మారుగా తేనె, చింతపండు తెచ్చేవాడు. నేను దగ్గర్లోని పట్నంలో మిషను బడిలో అయిదో తరగతి వరకు చదివాను. నలభై ఎనిమిది వేసవిలో రజాకార్లు పక్క ఊరిని తగలబెట్టారు. బడి మూసేశారు. మా ఊరి మీదికీ వస్తున్నారని తెలిసిన తెల్లవారే బాపు, అమ్మ, నేను మూటలతో గుట్ట ఎక్కాం.

పెంట ముందు ఒక పొట్టి ముసలమ్మ చుట్ట కాలుస్తూ కూర్చుంది. నుదుట పచ్చబొట్టు. మమ్మల్ని, మా మూటలను చూసి నవ్వింది.

"ఏం సీతారాములు, మగ్గం ఇడిసిపెట్టి వచ్చినవ్? మోసుకొస్తె చెట్టుకు కట్టి నేద్దువు గద!"

"పానం మోసుకొచ్చుడే కష్టమైంది ఈదమ్మా," అన్నాడు బాపు.

"గట్లనా. అయితె దించు. గీడ పానం తీసెటోడు లేడు," అని లేచి, తన గుడిసెలో సగం జాగా ఊడ్చి ఇచ్చింది.

ఇరవై రెండు రోజులు ఆమె పెట్టింది తిన్నాం. నేను మాట్లాడను. చిన్నప్పటి నుంచీ అంతే. మనుషుల చేతులు చూస్తూ కూర్చుంటాను. "గీ పిల్లకు నోరున్నదా, మీ ఊళ్ళె మరిచొచ్చిన్రా?" అని మా అమ్మను అడిగేది. అయినా గడ్డలకు పోయేటప్పుడు నన్నే వెంట తీసుకుపోయేది. కర్రతో గడ్డ తవ్వి, దాని పై ముక్క తీగతో సహా కోసి, మళ్ళీ ఆ గుంటలోనే పెట్టి మన్ను కప్పేది. ఎందుకని నేను కళ్ళతో అడిగితే, "తల మనది గాదు బిడ్డా. మల్లేటికి వచ్చెటోళ్ళది," అనేది.

ఒక మధ్యాహ్నం నన్ను దొనకు తీసుకుపోయింది. దారికి అడ్డంగా ముళ్ళకంప వేసి ఉంది. దానిని ఒక కొసన పైకెత్తి, నన్ను దూర్పించి, తను వచ్చి, మళ్ళీ ఎప్పటిలా దించింది. చల్లటి బండ మీద కూర్చుని కాళ్ళు నీళ్ళలో పెట్టకుండా పక్కకు ముడుచుకుంది. నేనూ ముడుచుకున్నాను. అప్పుడు తన మొగుడు మారయ్య సంగతి చెప్పింది.

చరియకు పట్టిన తేనె తీయాలంటే మనిషి నారతాడు పట్టుకుని దిగాలి. పైన తాడు పట్టేది ఎప్పుడైనా బావమరిదే. తన అక్క ముండమోయాలని ఎవడూ కోరుకోడు కాబట్టి. చెంచుల్లో అది తప్పని కట్టడి. ఒక ఏడు పట్నం నుంచి గుడారాలు వేసుకుని ఎవరో పెద్దవాళ్ళు అడవి చూడటానికి వచ్చారు. ఈ దొన మీదే దిగారు. తేనె తీయడం చూడాలన్నారు. ఈదమ్మ తమ్ముడు సంతకు పోయాడు. రేపు తీస్తామంటే వినలేదు. వాళ్ళ నౌకరు తాడు పట్టాడు. తేనెటీగలు లేచాయి.

"ఇడిసి ఉరికిండు," అంది ఈదమ్మ. "వాన్ని తిట్ట. ఈగలు కుడితె ఎవడైన ఇడుస్తడు. అక్క మొగడైతెనే ఇడువడు."

ఆ తర్వాత నుంచే దారికి ముళ్ళకంప. పెంటలో పసిపిల్లలు కూడా దొన పేరు పరాయివాళ్ళ ముందు ఎత్తరు.

"నీకు సూపెట్టిన. ఎవ్వర్కి చెప్పకు బిడ్డా. పట్నపోళ్ళు నీళ్ళ మీద కూసుంటె మేము యాడికి పోవాలె?"

నేను తల ఊపాను. నోరులేని పిల్ల కదా, చెప్పదనుకుంది.

ఆ సెప్టెంబరులో యూనియన్ సైన్యం వచ్చింది. రజాకార్లు పోయారు. అడవిలోకి కమ్యూనిస్టు దళాలు చేరాయి, వాళ్ళ వెనుక పోలీసులు. మేము అంతకు ముందే దిగి మగ్గం దగ్గరికి వచ్చేశాం. బడి మాత్రం దాదాపు రెండేళ్ళు తెరవలేదు. నేను నూలు కండెలు చుడుతూ, పాత వాచకాన్ని అట్టలు ఊడేదాకా చదివాను. తెరిచాక బాపును అడిగితే, "వాళ్ళు బోర్డింగుల జాగ ఇస్తె పంపుత. నా అంతట నేను అడుగ," అన్నాడు.

యాభై వేసవిలో అమ్మ, నేను బోర్డింగుకు తుండుగుడ్డలు ఇవ్వడానికి పోయాం. బడి నడిపే అమెరికా దొరసాని వరండాలో కూర్చుని ఉంది. వాళ్ళ దేశం నుంచి ఒక మొగుడూ పెళ్ళాం చుట్టపుచూపుగా వచ్చారు. బల్ల మీద పెద్ద బొమ్మల పుస్తకం. దొరసాని నన్ను దగ్గరికి పిలిచి చూపించింది. మోటారు దూరిపోయేంత తొర్ర ఉన్న చెట్టు. భూమిలోంచి చిమ్మే వేడినీళ్ళు. ఎర్రటి లోయ అంచున నిలబడి నవ్వుతున్న పిల్లలు. సరస్సు పక్కన తెల్లటి గుడారం, దాని ముందు రొట్టె కాలుస్తున్న ఆడమనిషి.

"మా దేశములో సెలవులకు అందరూ అడవికి పోవుదురు," అంది దొరసాని, తనకు వచ్చిన పుస్తకాల తెలుగులో. "ఇక్కడ అటువంటి అందమైన స్థలము ఎక్కడ ఉన్నది? మా అతిథులు మూడు దినములు ఉండగోరుచున్నారు."

వంట గోపయ్య టీ పెడుతూ అన్నాడు: "మా దిక్కు అడివికి పొయ్యేటోళ్ళు ఇద్దరే అమ్మగారూ. కట్టెలు కొట్టెటోడు, పానభయం ఉన్నోడు. సెలవులకు పొయ్యేటోన్ని నేనైతె సూడలె."

అందరూ నవ్వారు. ఆ నవ్వులో నా నోటి నుంచి మాట వచ్చింది. ఆ వరండాలో నేను అంత గట్టిగా మాట్లాడటం అదే మొదలు.

"నాకు తెలుసు అమ్మగారూ. నీళ్ళున్న చోటు. పైకెక్కితే కృష్ణ కనిపిస్తుంది."

"నీకెట్లు తెలియును?"

"మేమే కనుక్కున్నాం. బాపూ, నేనూ."

అమ్మ నా వైపు తిరిగింది. దొరసాని నా భుజం మీద చెయ్యి వేసి, "నీవు చురుకైన పిల్లవు. ఏ తరగతిలో మానితివి?" అని అడిగింది. ఆ ఒక్క ప్రశ్నకు నేను ఎంత దూరమైనా నడిచేదాన్ని.

వారం తర్వాత, బాపు చీరలతో ఊళ్ళు తిరుగుతుండగా, దొరసాని, అతిథులు, గోపయ్య, నేను బయలుదేరాం. ఆ రోజుల్లో ఊరికే అడవికి పోనివ్వరు కాబట్టి ఇద్దరు తుపాకీ పోలీసులు వెంట వచ్చారు. ముళ్ళకంప దగ్గర అందరూ ఆగారు. ఒక పోలీసు, "దారి మూసుకపోయిందే," అన్నాడు. నేనే ముందుకు పోయి ఒక్కొక్క కొమ్మా తీసి పక్కన పేర్చాను.

దొన చూసి అతిథులు చేతులు చరిచారు. గుడారాలు వేశారు. సబ్బు రాసుకుని నీళ్ళలోకి దిగారు. సబ్బు నురగ బండ అంచుకు తెల్లగా పట్టింది. ఆ రోజు దిగిన గువ్వలు మరునాడు రాలేదు. అతిథి దొర చరియ మీద కూర్చుని కాగితం మీద దారి గీసుకున్నాడు. చోటు పేరు ఏమిటని అడిగితే, నేను అక్షరం అక్షరం చెప్పి రాయించాను. నాకు ఇంగ్లీషు అక్షరాలు గుర్తున్నాయని చూపించుకోవాలని.

రెండోనాటి మధ్యాహ్నం నేను గిన్నెలు తోముతున్నాను. అవతలి బండ మీద ఈదమ్మ, ఆమె కోడలు కనిపించారు. ఇద్దరి చేతుల్లోనూ నీళ్ళ సొరబుర్రలు. పోలీసు లేచి తుపాకీ పట్టుకుని అరిచాడు: "ఏయ్, ఎవరది? దళం మనుషులా?"

వాళ్ళు కదల్లేదు. దొరసాని నా దగ్గరికి వచ్చింది.

"ఆ ముసలామె ఎవరు? నీకు తెలియునా?"

తెలుసు అంటే చాలు. నీళ్ళు ఆమెవి అంటే దొరసాని గుడారాలు పీకించేదేమో. మనిషి మంచిదే. కానీ, మేమే కనుక్కున్నాం అన్నానే. అది అబద్ధమని తేలితే ఆ బోర్డింగు జాగా ఏమవుతుంది?

"తెలియదు అమ్మగారూ," అన్నాను.

గోపయ్య నా పక్కకు వచ్చి చిన్నగా, "నీళ్ళకొచ్చినట్లున్నరు పిల్లా. జర పిలువరాదె," అన్నాడు. నేను గిన్నె మీదికి ఇంకా వంగాను. తలెత్తేసరికి ఈదమ్మ వెనక్కి తిరిగి పోతోంది. ఖాళీ బుర్రలు ఒకదానికొకటి తగిలిన చప్పుడు ఇవతలికి వినిపించింది.

దిగి వచ్చాక దొరసాని నాకు ఆ పుస్తకంలోంచి సరస్సు బొమ్మ ఒకటి చింపి బహుమానంగా ఇచ్చింది. బోర్డింగు మాట ఎత్తలేదు. నేను అడగలేదు. నాకు అడగడం రాదు. బొమ్మను వాచకం మధ్యలో పెట్టాను. మళ్ళీ ఆ వాచకం తెరవలేదు.

పైయేడు వేసవిలో పోలీసులు దొన మీద కాపలా పెట్టారు. ఎండల్లో దళాలు నీళ్ళకు రాక తప్పదని. వెంట వచ్చిన ఆ ఇద్దరికీ దారి తెలుసు కదా. నీళ్ళకు వచ్చిన చెంచులను, దళానికి నీళ్ళు మోస్తున్నారని తరిమారు. పెంటవాళ్ళు గుడిసెలు ఎత్తి అవతలి గుట్టకు పోయారు. ఈ సంగతి బాపు చీరలు అమ్మి వచ్చి చెప్పాడు. "దొన జాడ ఎవడో చెప్పిండట," అన్నాడు కాళ్ళు కడుక్కుంటూ. అమ్మ నా వైపు చూడకుండా లోపలికి పోయింది. ఏడాది నుంచీ ఆమె నా వరండా మాట బాపుకు చెప్పలేదు.

నెల రోజులు కూర్చుని నా చేత్తో మొదటి చీర నేశాను. బాపు వెంట గుట్ట ఎక్కాను. కొత్త పెంటలో ఈదమ్మ గడ్డలు చెక్కుతోంది. చిక్కిపోయింది. బాపు పక్క గుడిసెలకు పోయాక ఆమె ముందు కూర్చుని చీర పెట్టాను.

"అవ్వా, నీళ్ళ జాడ చెప్పింది నేనే."

ఆమె చేతులు ఆగలేదు. "ఎర్కె. ముండ్లకంప మేమైతె యిసిరేస్తం. అది దారం పేర్చినట్లు పేర్చి ఉన్నది. సాలోళ్ళ పిల్ల తప్ప గట్లెవరు పేరుస్తరు?"

"మరి బండ మీదికెల్లి నన్ను పిలువకపోతివి?"

"పిలిస్తె గా దొరసాని ముందల నీ మొకం యాడ పెట్టుకుందువే?"

తిట్టి ఉంటే ఏడ్చేదాన్ని. ఆమె చీర అంచు వేళ్ళ మధ్య నలిపి చూసింది.

"గట్టిగ నేసినవ్. దీంతోని నీళ్ళు మోయొస్తదా?" అని నవ్వి, మడత మీదే చెయ్యి పెట్టి ఉంచింది.

అప్పుడే కోడలు బుర్రలతో వచ్చింది. మూడు కోసుల నుంచి. చెమటతో జాకెట్టు లేని వీపు మెరుస్తోంది. గుడిసె నీడలో ఇద్దరు పిల్లలు బుర్రల వైపే చూస్తున్నారు. ఈదమ్మ ఆకుదొప్పలో నీళ్ళు వంచి ముందు నాకే చాపింది.

"వద్దవ్వా."

"తాగు. ఎండల వచ్చినవ్."

పిల్లలు చూస్తూనే ఉన్నారు. దొప్ప రెండు చేతులతో అందుకుని, తాగాను.