మస్కట్‌కి మాత్రల చీటీ

ఎనిమిదో తరగతిలో బడి మానేసిన నాకు సర్టిఫికెట్లేమీ లేవు. లామినేషన్ చేయించి దాచుకున్న కాగితం ఒకటే ఉంది, తొమ్మిదేళ్ల కిందట నాకు ఫిట్స్ వచ్చినప్పుడు రాజమండ్రిలో డాక్టరుగారు రాసిచ్చిన మందుల చీటీ. అది చూపిస్తే తణుకులో మందుల షాపాయన కత్తెరతో షీటు కత్తిరించి మాత్రలిచ్చేవాడు. కొన్నాళ్లకి చీటీ అడగడం కూడా మానేశాడు. నా మొహమే చీటీ అయిపోయింది.

మస్కట్‌లో పనివాళ్లుండే ఒక క్యాంపులో వంటపని కుదిరింది. ప్రయాణం రెండు రోజులుందనగా ఏజెంటు ఫోన్ చేశాడు.

"మందులేమైనా వాడుతున్నారా అండి? షీట్లు కత్తిరించకూడదు. డాక్టరు చీటీ కొత్తది ఉండాలి. లేదంటే అక్కడ ఎయిర్‌పోర్టులోనే ఆపేస్తారు."

సూట్‌కేసులో చోటు కలిసొస్తుందని నా భార్య అప్పటికే మూడు నెలల మాత్రలూ షీట్లలోంచి తీసి కాఫీ సీసాలో పోసేసింది.

"బఠానీలు ఒలిచినట్టు ఒలిచేశావేంటే?"

"ఒలవొద్దని మీరు చెప్పారా?"

మర్నాడు పొద్దున్నే ఇద్దరం రాజమండ్రి వెళ్లాం. డాక్టరుగారు నా చీటీని అటూ ఇటూ తిప్పి చూశారు.

"తొమ్మిదేళ్లలో ఒక్కసారీ రాలేదేంటయ్యా?"

"మీకెందుకు శ్రమ అనండి."

ఆయన నవ్వలేదు. పెన్ను తీశారు. "ఆఖరిసారి ఫిట్స్ ఎప్పుడొచ్చింది?"

"అప్పుడేనండి, తొమ్మిదేళ్ల కిందట," అంది నా భార్య. ఆవిడకి తెలిసింది అంతే.

కిందటి నెల ఒక పెళ్లిలో గాడిపొయ్యి పక్కనే పడిపోయాను. తోటి వంటవాడు నడుం పట్టి లాగకపోతే నిప్పుల్లో ఉండేవాణ్ణి. ఎండదెబ్బ అని చెప్పి అందరినీ నవ్వించేశాను. ఇప్పుడు నిజం చెబితే ఈయన చీటీ రాయరు, ప్రయాణం ఆగిపోతుంది. చెప్పకపోతే ఈ చాలీచాలని మందుతోనే, నా జబ్బు సంగతి ఎవరికీ తెలియని చోట పొయ్యి ముందు నిలబడాలి.

పెన్ను కాగితం మీద ఆనింది. ఏదో జోకు నాలిక చివరిదాకా వచ్చి ఆగిపోయింది.

"కిందటి నెలండి," అన్నాను. "పొయ్యి దగ్గర."

నా భార్య నావైపు తిరిగింది. ఆవిడ తిడితే నాకు అలవాటే, ఊరుకుంటేనే భయం.

డాక్టరుగారు రక్తపరీక్ష రాసి, మందు మోతాదు పెంచారు. "నెల్లాళ్లు వాడి మళ్లీ రా. అప్పటిదాకా ఫిట్స్ రాకపోతే ప్రయాణం సంగతి చూద్దాం. వెళ్లినా పొయ్యి దగ్గర పని మాత్రం వద్దు."

"వంటవాణ్ణండి. పొయ్యికి దూరంగా ఉండి ఏం వండమంటారు?"

"వండకు. వడ్డించు."

బయటికొచ్చి మెట్ల మీద నిలబడి ఏజెంటుకి ఫోన్ చేశాను, వడ్డన పనేమైనా దొరుకుతుందా అని. "కనుక్కుంటానండి. ఈ టికెట్ మాత్రం పోయినట్టే," అన్నాడు. నా భార్య నా చేతిలోంచి ఫోన్ లాక్కుంది.

"పోతే పోనివ్వండి. పొయ్యి పనికయితే నేను పంపనండి," అని పెట్టేసింది.

బస్సులో రావులపాలెం దాటేదాకా నాతో ఒక్క మాట మాట్లాడలేదు. అక్కడ మొదలుపెట్టాక, ఇల్లు చేరేదాకా ఆపలేదు.