నాలుగేళ్ల పిల్ల నిరాహార దీక్ష

నాకు సంతకం తప్ప రాయడం రాదు. నేను చెబుతుంటే రాసిపెడుతున్నది నా మనవరాలు. అప్పుడు దానికి నాలుగేళ్లు. దిల్‌సుఖ్‌నగర్‌లో పిల్లల బడిలో తోటి పిల్ల చెయ్యి కొరికింది ఇదే. ఆ మాట రాయమంటే ఇప్పుడు మూతి ముడుస్తోంది. రాయవే.

తెలంగాణ కోసం రోజూ ఏదో ఒక బంద్ నడుస్తున్న కాలం. మా ఆయన పోయాక ఎల్బీనగర్‌లో కూతురి కిరాయి ఇంట్లోనే ఉంటున్నాను. కూతురు చీరల దుకాణానికి పనికి పోతే పిల్లను చూసేది నేనే. కొరికించుకున్న పిల్ల మా పై వాటాలో ఉండే కోస్తావాళ్ల అమ్మాయి. మా దానికి ఉన్న ఒకే ఒక్క నేస్తం.

బడి మేడమ్ నన్ను పిలిపించింది. గోడమీద నవ్వే ముఖం, ఏడ్చే ముఖం, కోపం ముఖం బొమ్మలు అంటించి ఉన్నాయి.

"మీ పాపకు ఎమోషన్స్ కంట్రోల్ చేసుకోవడం రావట్లేదమ్మా. మనసులోంచి సారీ చెప్పేదాకా తీసుకురావొద్దు" అంది. అంటున్నంతసేపూ ఆమె ముఖం అచ్చం ఆ కోపం బొమ్మలాగే ఉంది.

"ఎందుకు కొరికినవే?" అని దారిలో అడిగాను.

"మీ ఊరికి పో అన్న. పోలే. కొరికిన."

ఆ మాట దానిది కాదు. నల్లా దగ్గర బిందె ముందు పెట్టిందని పైనావిడను నేనే అన్నాను, గల్లీ అంతా వినేలా. ఆవిడా తక్కువ తినలేదు. "మేం రాకముందు ఈ ఊళ్లో ఏముందండీ, రాళ్లు తప్ప!" అంది. అప్పటినుంచి మెట్లమీద ఎదురుపడితే ఒకరం గోడను చూసేవాళ్లం, ఒకరం ఆకాశాన్ని.

ఇంటికొచ్చి సారీ నేర్పడం మొదలుపెట్టాను. బెల్లంముక్క చూపించాను, బూచోణ్ణి పిలిచాను.

"ముందుగాల నువ్వు చెప్పు. నువ్వు గూడ ఆంటీని అన్నవ్ గద" అంది.

"పెద్దోళ్లు చెప్పరే."

అదే వారం మా కాలనీ ఆడవాళ్లను చౌరస్తా టెంటులో రిలే నిరాహార దీక్షకు కూర్చోబెట్టారు. రిలే అంటే ఇవాళ మేము, రేపు ఇంకొకరు. మెడలో దండ వేసుకుని, పిల్లను ఒళ్లో పెట్టుకుని నేనూ కూర్చున్నాను. మధ్యాహ్నం టెంటు వెనక్కి పోయి మూడు మిర్చీ బజ్జీలు తిన్నాను. పిల్లకూ ఒకటి పెట్టి, ఎవరికీ చెప్పనని ఒట్టు వేయించుకున్నాను. సాయంత్రం ఒక నాయకుడు నాకు నిమ్మరసం తాగించి, నా త్యాగాన్ని మైకులో పొగిడాడు. నాకు నిజంగానే కన్నీళ్లొచ్చాయి. మిర్చి ఘాటు కూడా కావచ్చు.

మర్నాడు పొద్దున్నే పిల్ల మెట్లమీద గోనెసంచి పరిచి కూర్చుంది. మెడలో నా వాడిన దండ.

"ఏందే గిది?"

"దీక్ష. నువ్వు ఆంటీకి సారీ చెప్పేదాక తిన."

నవ్వాను. ఇడ్లీ తెస్తే ముఖం తిప్పుకుంది. పప్పన్నం ముద్ద పెట్టబోతే పెదవులు బిగించింది. ఆఖరికి మిర్చీ బజ్జీ తెప్పించాను.

"దీక్షల తినొద్దు అమ్మమ్మా" అంది, నన్నే చూస్తూ. "నువ్వు తిన్నవని నేను ఎవ్వరికీ చెప్పలే."

రెండయ్యేసరికి గోడకు జారగిలబడింది. పెదవులు ఎండిపోయాయి. ఇన్ని దీక్షలకూ కదలదని సర్కారును నోరారా తిట్టినదాన్ని. నేను మాత్రం పొద్దుటినుంచి ఏం కదిలాను? లేచి పైకెక్కాను.

"కరివేపాకు ఉన్నదా?" అన్నాను.

"అది సారీ గాదు!" అని వెనక మెట్లమీంచి నీరసంగా అరుపు.

పైనావిడ గుమ్మంలో చేతులు కట్టుకుని చూస్తోంది.

"ఊరికి పొమ్మన్నది తప్పేనమ్మా. నన్ను జూసే పిల్ల గూడ గదే నేర్చింది."

ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నేను మాత్రం తక్కువన్నానాండీ? అయ్యో, పసిదాన్ని ఇంతసేపు మాడ్చేశారా పిన్నిగారూ!" అంటూ గబగబా నిమ్మకాయ కోసింది.

గ్లాసు పట్టుకుని దిగింది వాళ్ల పిల్ల. చేతిమీద పంటిగాట్లు ఇంకా ఉన్నాయి. మా పిల్ల సగం తాగి, ఆ గాట్లను వేలితో ముట్టుకుంది.

"సారీ. నొస్తున్నదా?"

"అప్పుడు నొప్పెట్టింది. ఇప్పుడు లేదు."

మిగిలిన సగం ఆ పిల్ల తాగింది.

సోమవారం ఇద్దరూ చేతులు పట్టుకుని బడిలోకి పోయారు. మేడమ్ మా దాని పేరు పక్కన నవ్వే ముఖం అంటించి, "చూశారా, బొమ్మలతో నేర్పితే ఎంత మార్పో!" అంది.

ఔనన్నాను. కాదంటే బజ్జీల సంగతి చెప్పాల్సి వచ్చేది.