కొరియా సారు పిలిచిన పేరు

"ఆ చొక్కా నీది కాదు, ఇచ్చేసి రాపో."

"ఎవురిదైతే ఏమి, సాయంత్రం ఇస్తాలే."

మా ఆయన హుసేన్‌కూ నాకూ మధ్య జరిగిన ఆఖరి మాటలు ఇవే.

దయ్యాలను నేనెప్పుడూ నమ్మలేదు. గోరీల దొడ్డిలో మేకలు మేపినదాన్ని. నాకు చదువు రాదు. చెల్లెలి కూతురు షమీమ్ రాస్తోంది.

జెద్దా బయట ఆయన సైటులో పని, నేను ఆ సైటు చూసే కొరియా సారుకు వంట. సారుది కొండల నడుమ మిరప పండే జిల్లా, మా రాయచోటి వైపులాగే. వయసువాళ్లు పట్నాలకు పోయి ముసలివాళ్లే మిగిలారట. మొండి మనుషులు, పాత పద్ధతి వదలరు. ఎవరైనా పోతే వాళ్ల చొక్కా పట్టుకుని మిద్దెక్కి, ఉత్తరం తిరిగి మూడుసార్లు పేరు పెట్టి పిలుస్తారట, ప్రాణం తిరిగొస్తుందని. ఇదంతా సారు ఫోనులో తర్జుమా చేసి వినిపించేవాడు.

క్యాంపులో బట్టలన్నీ కలిపి ఉతుకుతారు. ఆ రోజు మా ఆయనకు తోటి పనివాడు మస్తాన్ చొక్కా వచ్చింది. కంపెనీ చొక్కా లేదని మస్తాన్‌ను గేటు దగ్గరే ఆపేశారు. మధ్యాహ్నం మా ఆయన అన్నానికి రాగానే వాడు ఇనుప పైపుతో తల మీద కొట్టాడు. పడిపోయాక కూడా కొట్టాడు. నేను పరుగెత్తి వచ్చేసరికి ముఖం ముఖంలా లేదు. కాసేపటికే ప్రాణం పోయింది. వాడు మదీనాలో బావ ఇంటికి పారిపోయాడు.

రక్తం ఆపాలని సారు మా ఆయన ఒంటి మీద నుంచి విప్పిన ఆ చొక్కా మా గదిలోనే ఉండిపోయింది. మరుసటి మధ్యాహ్నం సారు కాళ్లు పట్టుకుని, మా ఆయన్ను పిలవమన్నాను. సారు ఆ చొక్కా పట్టుకుని క్యాబిన్ పైకి ఎక్కాడు.

"మస్తాన్!"

సారు ఎవరినైనా సదీక్ అనే పిలిచేవాడు, అరబ్బీలో స్నేహితుడా అని. మా ఆయన పేరు తెలియదు. చొక్కా జేబు మీద కుట్టిన పేరు చదివాడు. తప్పని నాకు మొదటి పిలుపుకే తెలిసింది. రావాల్సింది మా ఆయన. అయినా నోరు తెరవలేదు. మూడుసార్లూ అదే పేరు పిలిచాడు.

అరగంటలో మస్తాన్ గేటు దగ్గర నిలబడ్డాడు. కాళ్లకు చెప్పులు లేవు. కుడిచేతికి అన్నం మెతుకులు, ఇంకా తడిగా. మదీనా నుంచి నాలుగు గంటల దారి.

"పిలిచినారంట" అన్నాడు. అంతే.

మా ఆయన పడిన చోటే కూర్చుని సిమెంటుకు తల కొట్టుకున్నాడు. నలుగురు పట్టినా ఆగలేదు. పళ్లు రాలాయి, నుదురు చిట్లింది. అంబులెన్సు రాకముందే పోయాడు.

తింటూ తింటూ "వస్తాండా" అని లేచి పోయాడని వాళ్ల బావ తర్వాత ఫోనులో చెప్పాడు. ఎన్ని గంటలకని అడిగాను. సారు పిలిచిన వేళే. ఎలా వచ్చాడో నాకు ఇప్పటికీ తెలియదు. ఒకసారి పిలిచిన చొక్కాతో మళ్లీ పిలవకూడదట. మా ఆయన్ను ఇంకెవరూ పిలవలేదు.

షమీమా, నేను నోరు తెరవలేదన్నది రాసినావా, వదిలేసినావా? ఏదీ, చదువు.