చల్లటి నీళ్ళ పైన చేపలు

రేగొండ దారి మీద వంటావార్పు అనుకున్నప్పుడు మా ఊళ్ళో ఒక్కో వాడ ఒక్కో బాధ్యత తీసుకుంది. తెలంగాణ కోసం రోడ్డు మీదే వండుకుని, అక్కడే తిని, బళ్ళన్నీ ఆపేసే రోజులవి. ఒకరు బియ్యం అన్నారు, ఒకరు కట్టెలూ గంజులూ అన్నారు. చేపలు పట్టే మా వాడ వంతు వచ్చేసరికి మగవాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఎండాకాలం, చెరువులో వలలు ఖాళీగా లేస్తున్నాయి. నాకా, కోపం ముక్కు మీదే ఉంటుంది. లేచి, "చేపలు మేం పెడ్తం. మా చెరువు చేపలే" అని అందరి ముందూ అనేశాను.

మా బావ, అంటే నా భర్తకు అన్న, వాడలో వలలకు పెద్ద. ఇంటికొచ్చాక తల పట్టుకున్నాడు.

"మాటైతే ఇచ్చినవ్ గని, చేపలు ఏడికెళ్లి తేవాలె? ఆంధ్ర దిక్కు నుంచి ఐసు చేపల లారీ వస్తది. గవే కొందాం. ఎవరికి ఎరుక?"

"నాకు ఎరుకనే గద బావా!"

మా రాష్ట్రం మాకు కావాలని రోడ్డెక్కి, అవతలి నుంచి వచ్చిన ఐసు చేపలు వండుకుంటే అంతకంటే నగుబాటు ఉంటుందా? ఆ ఊహకే నాకు అన్నం సహించలేదు.

ఎండలు ముదిరితే చేప చల్లదనం వెతుక్కుంటూ అడుగుకు పోతుందని మావాళ్ళ నమ్మకం. అందుకే వలకు రాళ్ళు ఎక్కువ కట్టి తూము దగ్గరి లోతులో దించేవారు. మిగతా వేసవుల్లో చెరువు ఎండి ఆ లోతొక్కటే మిగిలేది కాబట్టి ఆ పద్ధతి నడిచింది. ఆ ఏడు మాత్రం నీళ్ళు నిండుగా నిలిచాయి. అయినా వల అక్కడే, రాళ్ళు అవే.

నా పుట్టిల్లు లింగాల ఘనపూర్ వైపు. మా చేలో పెద్ద బావి ఉండేది, అందులో ఈదుతూ పెరిగాను. వేసవిలో పైనీళ్ళు గోరువెచ్చగా ఉండేవి. కాస్త లోతుకు మునిగితే గీత గీసినట్టు ఒక్కసారిగా కాళ్ళు జిల్లుమనేవి. ఆ కింది నీళ్ళు కదలవు, బురద వాసన వేస్తాయి. చేపలు ఎప్పుడూ ఆ గీతకు పైనే, చల్లదనానికి ఆనుకుని తిరిగేవి. కింద వాటికి ఊపిరాడదు.

ఇదంతా చెబితే బావ నవ్వాడు. "బాయిల ఈదినదానివి, చెరువు సంగతి నీకేం ఎరుక?"

"నీళ్లు ఏడున్నా నీళ్లే బావా. జర తెప్ప ఇయ్యి, గంతే."

ఆడవాళ్ళు తెప్ప ఎక్కడం మా వాడలో లేదు. అత్త గుమ్మంలో నిలబడి గొణిగింది. నా భర్త మాత్రం తెడ్డు తీసుకుని నాకంటే ముందే బయల్దేరాడు. ఆయనలో నాకు నచ్చే గుణం అదే.

థర్మాకోల్ తెప్ప మీద ఇద్దరం నడిచెరువుకు పోయాం. ఒక సీసాకు రాయీ, దించడానికి తాడూ కట్టాను. మూతిలో గుడ్డ బిరడా పెట్టి, దానికి వేరే సన్న తాడు కట్టాను. సీసా దించాక ఆ తాడు లాగితే బిరడా ఊడి, ఆ లోతు నీళ్ళే లోపలికి వస్తాయి. ముందు ఒక బార, అంటే రెండు చేతులూ చాచినంత, దించి తీశాను. అరచేతిలో పోసుకుంటే వెచ్చన. రెండు బారలకూ అంతే. మూడో బారకు కొత్త కుండలో నీళ్ళంత చల్లగా, కుళ్ళిన గుడ్డు వాసనతో వచ్చాయి. నా భర్త చెయ్యి పట్టి దాని మీద పోశాను. "అబ్బో!" అని చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. మా వలలు ఇన్నాళ్ళూ ఆ మురుగులో కూర్చున్నాయన్నమాట.

ఆ సాయంత్రం వలల రాళ్ళు తగ్గించి, పాత రబ్బరు చెప్పులు కోసి, వల తేలేలా బెండ్లుగా కట్టాం. వల అంచు రెండు బారలు దాటకుండా చూశాం. బావ అరుగు మీద బీడీ కాలుస్తూ కూర్చున్నాడే తప్ప ఒక్క ముడీ వేయలేదు.

తెల్లారి వల లాగుతుంటే బరువుకు తెప్ప ఒరిగింది. బొచ్చెలు, రవ్వలు, ఒకదాని మీద ఒకటి ఎగిరిపడుతున్నాయి. కట్ట మీద నిలబడి వాడంతా వినబడేలా కేకలు పెట్టాను. సిగ్గెందుకు? గర్వంగా ఉంది, పెట్టాను.

మధ్యాహ్నానికి రోడ్డు మీద గంజుల్లో చేపల పులుసు ఉడికింది. తారు మీద విస్తళ్ళు పరిచి జనం బారులు తీరి కూర్చున్నారు. అప్పుడు మైకులో ఒకాయన, "చేపలు పట్టి తెచ్చిన సోదరులకు వందనాలు" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. ఏదో అనబోయేంతలో ముందు వరసలోంచి మా బావ లేచాడు, చేతిలో ముద్ద అలాగే ఉంది.

"సోదరులు కాదన్నా. మేం ఐసు చేపలు కొంటమన్నం. మా మరదలు వద్దని, మా చెరువులకెళ్లే పట్టిచ్చింది. గది చెప్పు మైకుల."

అందరూ నా వైపు తిరిగారు. నాకు ఏడుపొచ్చేసింది. అది కనబడకుండా, ముందు కూర్చుని తినమని బావనే కసురుకున్నాను.